కొత్త ల్యాప్‌టాప్ వస్తోందట... ఆగాలా, ఇప్పుడే కొనేయాలా?

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ అయిపోయింది. అమ్మాయికి ఇంజనీరింగ్‌లో సీటొచ్చింది. అబ్బా పక్కన పెట్టిన డబ్బు, అమ్మీకి వచ్చిన కమిటీ డబ్బు కలిపి ఒక 60 వేలు చేతిలో ఉన్నాయి. ఆదివారం సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి ల్యాప్‌టాప్ తెచ్చుకుందామని అనుకుంటుండగానే జెద్దా నుంచి మామూ వాయిస్ మెసేజ్ పెడతారు. "ఇప్పుడే కొనకండి బేటా, రెండు నెలల్లో కొత్త మోడల్ వస్తోందట. పాతది రేటు పడిపోతుంది."

అంతే, ప్రయాణం ఆగిపోతుంది. రెండు నెలలు గడుస్తాయి. కొత్తది రాదు, లేదా వచ్చినా ఊళ్లోని షాపులో కనిపించదు. ఈలోపు కాలేజీలో ప్రోగ్రామింగ్ ల్యాబ్ మొదలైపోతుంది. అమ్మాయి పక్కింటి వాళ్ల కంప్యూటర్ కోసమో, నెట్ సెంటర్ కోసమో తిరుగుతుంటుంది.

ఏటా ఎన్నో ఇళ్లలో ఇదే కథ. అసలు కొత్త కంప్యూటర్ ఎప్పుడు వస్తుందో ముందే ఎలా చెబుతారు? ఆ మాటను ఎంతవరకు నమ్మొచ్చు? ఆగితే నిజంగా లాభమేనా? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఆ 'రెండు నెలలు' ఎక్కణ్నుంచి వస్తాయి?

విడుదల తేదీల గురించి వచ్చే వార్తలన్నీ గాలి కబుర్లు కావు. వాటి వెనక ప్రధానంగా నాలుగు రకాల ఆధారాలు ఉంటాయి.

మొదటిది పాత క్యాలెండర్. ఫలానా మోడల్ గతంలో ఏయే నెలల్లో వచ్చిందో చూసి, ఈసారీ అప్పుడే వస్తుందని లెక్క కట్టడం.

రెండోది ప్రభుత్వ రిజిస్ట్రేషన్లు. మన దేశంలో ల్యాప్‌టాప్ అమ్మాలంటే బీఐఎస్, అంటే భారతీయ ప్రమాణాల సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రష్యా, కజకిస్తాన్ లాంటి దేశాల యురేషియా ఆర్థిక కూటమిలోనూ ఇలాంటి నమోదు ఉంది. కొత్త మోడల్ నంబరు ఈ జాబితాల్లో కనిపించిందంటే వస్తువు దాదాపు సిద్ధమైందని అర్థం. అయితే ఏ రోజు వస్తుందో అందులో రాసి ఉండదు.

మూడోది ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే సమాచారం. స్క్రీన్లు, చిప్‌లు, బ్యాటరీలు సరఫరా చేసే కంపెనీలకు ఆర్డర్లు ముందే వెళ్తాయి. మింగ్-చీ కువో లాంటి విశ్లేషకులు, బ్లూమ్‌బెర్గ్ విలేకరి మార్క్ గుర్మన్ లాంటి వాళ్లు ఇలాంటి సమాచారం సేకరించడంలో పేరు పొందారు. వీళ్లు చెప్పినవి చాలాసార్లు నిజమయ్యాయి, కొన్నిసార్లు తప్పాయి కూడా.

నాలుగోది షాపుల్లో స్టాకు. ఇప్పుడున్న మోడల్ డెలివరీ తేదీలు ఉన్నట్టుండి వారాల తరబడి వెనక్కి వెళ్తే, కంపెనీ పాతది తయారు చేయడం తగ్గించిందేమో అని అనుమానిస్తారు.

ఈ నాలుగూ కలిస్తే 'ఏదో వస్తోంది' అనే మాట బలంగానే చెప్పొచ్చు. 'ఎప్పుడు, ఎంతకు' అనే దగ్గరే అంచనా బోల్తా కొడుతుంది.

సగటు లెక్క ఎందుకు పనికిరాదు?

దీనికి మంచి ఉదాహరణ ఆపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్. సొంత ఎం1 చిప్‌తో ఇది 2020 నవంబరులో వచ్చింది. ఎం2 మోడల్‌ను 2022 జూన్‌లో ప్రకటించారు. ఎం3 మోడల్ 2024 మార్చిలో, ఎం4 మోడల్ 2025 మార్చిలో వచ్చాయి. మధ్య విరామాలు చూస్తే 19 నెలలు, 21 నెలలు, 12 నెలలు. సగటు తీస్తే 17 నెలల పైచిలుకు. కానీ ఒక్కసారి కూడా కొత్త మోడల్ 17 నెలలకు రాలేదు. రెండుసార్లు ఆలస్యంగా వచ్చింది, ఒకసారి చాలా ముందే వచ్చేసింది.

ఇంకొంచెం ఖరీదైన 14 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోదీ అదే తీరు. 2021 అక్టోబరు తర్వాత కొత్తది 2023 జనవరిలో వచ్చింది, అంటే 15 నెలలు. అది చూసి, తర్వాతిది 2024లోనే అనుకున్నవాళ్లకు 2023 అక్టోబరులోనే ఎం3 మోడల్ ఎదురైంది. తొమ్మిది నెలలే. ఆ తర్వాత 2024 అక్టోబరు, 2025 అక్టోబరు అని రెండుసార్లు ఏడాది లెక్క కుదిరింది. అలాగని మూడోసారీ కుదిరి తీరాలని ఏ కంపెనీ రాసివ్వదు.

కొన్నిసార్లు ఎదురుచూసిన వస్తువు అసలు పుట్టనే పుట్టదు. 2021లో ఎం1 చిప్‌తో 24 అంగుళాల ఐమ్యాక్ వచ్చింది. తర్వాత ఎం2 ఐమ్యాక్ వస్తుందని చాలామంది కాచుకున్నారు. అది రానే లేదు. 2023 అక్టోబరులో నేరుగా ఎం3 ఐమ్యాక్ వచ్చింది. అదే కంపెనీ మ్యాక్ మినీకి 2014 నుంచి 2018 వరకు కొత్త మోడల్ ఇవ్వలేదు. 2013 మ్యాక్ ప్రో తర్వాతిది 2019 చివరిదాకా రాలేదు. ఇవాళో రేపో అనుకుంటూ కూర్చున్నవాళ్లకు ఏళ్లు గడిచిపోయాయి.

తయారుచేసేవాళ్ల మాటే తప్పినప్పుడు

బయటివాళ్ల అంచనా సరే, కంపెనీ అధినేత వేదిక మీద చెప్పిన మాట కూడా తప్పిన సందర్భాలున్నాయి.

2003 జూన్‌లో పవర్ మ్యాక్ జీ5ను పరిచయం చేస్తూ, పన్నెండు నెలల్లో 3 గిగాహెర్ట్జ్ వేగం అందుకుంటామని స్టీవ్ జాబ్స్ ప్రకటించారు. ఏడాది గడిచినా అది రాలేదు. 2005 జూన్‌లో ఆ చిప్‌లనే వదిలేసి ఇంటెల్ వైపు వెళ్తున్నామని ఆయనే చెప్పాల్సి వచ్చింది.

ఆ ఇంటెల్‌కు కూడా ఇదే సమస్య ఎదురైంది. ఒక ఏడాది తయారీ పద్ధతి మార్చడం, తర్వాతి ఏడాది చిప్ డిజైన్ మార్చడం అని 'టిక్-టాక్' పేరుతో ఆ కంపెనీకి ఒక లెక్క ఉండేది. గడియారం ముల్లులా నడుస్తుందని ఆ పేరు. 10 నానోమీటర్ల పద్ధతి దగ్గర ఆ గడియారం ఆగిపోయింది. 2016లో రావాల్సిన చిప్‌లను 2017 ద్వితీయార్థానికి వాయిదా వేస్తున్నట్టు 2015 జూలైలో చెప్పారు. చివరికి అవి పెద్ద సంఖ్యలో ల్యాప్‌టాప్‌లలోకి వచ్చేసరికి 2019 అయింది. ఇంటెల్ చిప్ మీద ఆధారపడే కంపెనీల ప్లాన్లు కూడా దాంతోపాటే జరుగుతూ పోయాయి.

సాఫ్ట్‌వేర్ వైపూ అంతే. విండోస్ 10యే చివరి విండోస్ అని 2015లో మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకరు ఒక సభలో అన్న మాట ప్రపంచమంతా పాకింది. 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చేసింది.

కంపెనీలు ముందే ఎందుకు చెప్పవు?

తేదీ చెప్పేస్తే జనానికి ఇంత తిప్పలు ఉండవు కదా అనిపిస్తుంది. కానీ వ్యాపారం కోణంలో చూస్తే కారణం సులువుగానే అర్థమవుతుంది. కొత్తది వస్తోందని చెబితే గోడౌన్‌లో ఉన్న పాతది ఎవరు కొంటారు?

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ అమెరికాలోని ఆస్బర్న్ కంప్యూటర్ కంపెనీ. 1981లో ఈ కంపెనీ 1,795 డాలర్లకు ఆస్బర్న్ 1 అనే, చేత్తో మోసుకెళ్లగల కంప్యూటర్ తెచ్చింది. బరువు 11 కిలోలు! అయినా బాగా అమ్ముడుపోయింది. 1983లో ఇంకా మెరుగైన ఎగ్జిక్యూటివ్ మోడల్ గురించి ముందే బయటకు చెప్పడంతో డీలర్లు పాత మోడల్ ఆర్డర్లు ఆపేశారని చెబుతారు. అదే ఏడాది సెప్టెంబరులో కంపెనీ దివాలా తీసింది. కేప్రో, కంపాక్ లాంటి కంపెనీల పోటీ కూడా దెబ్బ తీసిందన్న వాదన ఉంది. ఏదైనా సరే, నోరు జారితే పాత సరుకు మిగిలిపోతుందనే పాఠానికి 'ఆస్బర్న్ ఎఫెక్ట్' అని పేరు పడిపోయింది.

అందుకే ఈ రోజు వరకు చాలా కంపెనీలు చివరి నిమిషం దాకా పెదవి విప్పవు. ఆ మౌనమే ఊహాగానాలకు చోటిస్తుంది.

ఒక తేదీ కాదు, మూడు తేదీలు

'జనవరిలో వచ్చేసిందట' అన్నప్పుడు ఏది వచ్చిందో అడగాలి. ప్రకటన తేదీ ఒకటి, అమ్మకం మొదలయ్యే తేదీ ఇంకొకటి, మన ఊరి షాపులోకి వచ్చే తేదీ వేరొకటి.

విండోస్ ల్యాప్‌టాప్‌ల విషయంలో ఈ తేడా మరీ ఎక్కువ. ఏటా జనవరిలో లాస్ వేగాస్‌లో సీఈఎస్ ప్రదర్శన, మే చివర్లోనో జూన్‌లోనో తైవాన్ రాజధాని తైపేలో కంప్యూటెక్స్ ప్రదర్శన జరుగుతాయి. ఇంటెల్, ఏఎండీ, ఎన్విడియా ఎక్కువగా ఈ వేదికల మీదే కొత్త చిప్‌లు చూపిస్తాయి. ముందుగా ఖరీదైన మోడళ్లలో అవి వస్తాయి. 50, 60 వేల రేంజిలోకి దిగి, మన దేశానికి చేరి, గుంటూరులోనో కరీంనగర్‌లోనో షాపు అల్మరాలో కూర్చునేసరికి ఇంకా చాలా నెలలు పడుతుంది. మామూ పంపిన వీడియోలో చెప్పింది మొదటి తేదీ. అమ్మాయికి కావాల్సింది మూడో తేదీ.

ఆగితే ధర తగ్గుతుందా?

తగ్గొచ్చు, పెరగొచ్చు కూడా. మ్యాక్‌బుక్ ఎయిర్‌నే మళ్లీ చూడండి. 2020లో ఎం1 ఎయిర్ మన దేశంలో రూ. 92,900 దగ్గర మొదలైంది. కొత్తది వస్తే తగ్గుతుందని 2022 జూన్ దాకా ఆగినవాళ్లకు షాక్ తగిలింది. కొత్త ఎం2 ధర రూ. 1,19,900. పాత ఎం1 ధర తగ్గకపోగా రూ. 99,900కు పెరిగింది. అమెరికాలో మాత్రం ఎం1 ధర 999 డాలర్ల దగ్గరే ఉంది. డాలరుతో మన రూపాయి బలహీనపడితే ఇలాగే జరుగుతుంది.

ఆగి లాభపడినవాళ్లూ ఉన్నారు. 2024 మార్చిలో ఎం3 ఎయిర్ రూ. 1,14,900కు వస్తే, ఏడాది తర్వాత ఎం4 ఎయిర్ రూ. 99,900కే వచ్చింది. మధ్యలో 2024 అక్టోబరులో, కొత్త మోడల్ లేకుండానే, ఎయిర్‌లో కనీస మెమరీని 8 జీబీ నుంచి 16 జీబీకి పెంచారు. ధర మార్చలేదు. సెప్టెంబరులో కొన్నవాళ్లు తల పట్టుకున్నారు.

ఒక్కోసారి అటు కంపెనీ, ఇటు కొనేవాళ్లు ఇద్దరూ ఊహించనిది జరుగుతుంది. 2023 ఆగస్టు 3న కేంద్ర ప్రభుత్వం ల్యాప్‌టాప్ దిగుమతులకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ ఆదేశం ఇచ్చింది. మర్నాడే దాని అమలును అక్టోబరు 31 తర్వాతకు వాయిదా వేసింది. 2025 చివర్లో మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లు వాటిని పెద్ద ఎత్తున కొనడమే కారణం. మైక్రాన్ కంపెనీ, సామాన్యులు కొనే 'క్రూషియల్' ర్యామ్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ఆ డిసెంబరులో ప్రకటించింది. కంప్యూటర్ సామాన్ల ధర ఎప్పుడూ కిందికే వస్తుందన్న పాత నమ్మకం ఇలాంటప్పుడు పనికిరాదు.

కొత్త పేరు, పాత చిప్

ఆగి ఆగి కొన్న 'కొత్త మోడల్' లోపల పాత సరుకే ఉండొచ్చు. ఏఎండీ రైజెన్ 5 7520యు అనే చిప్ సంగతే తీసుకోండి. 7 అంకె చూసి కొత్త వరస అనుకుంటాం. పేరులో మూడో అంకె చూడాలి. అక్కడ 2 ఉందంటే లోపల ఉన్నది జెన్ 2 డిజైన్. ఆ డిజైన్ 2019 నాటిది. మూడో అంకె 4 అయితే జెన్ 4. ఈ పద్ధతి ఆ 7000 వరస ల్యాప్‌టాప్ చిప్‌లకు వర్తిస్తుంది.

కాబట్టి స్టిక్కరు మీది సంవత్సరం కంటే చిప్ పూర్తి పేరు, ర్యామ్ ఎంత, తర్వాత పెంచుకునే వీలుందా, ఎస్‌ఎస్‌డీ ఎంత అన్నవి అడగాలి. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో సాధారణంగా 8వ తరం చిప్ లేదా ఆ తర్వాతిది, టీపీఎం 2.0 ఉండాలి. 6వ తరం ల్యాప్‌టాప్ 12 వేలకే వస్తోందని తీసుకుంటే, ఇంటర్‌నెట్ బ్యాంకింగ్, ఆన్‌లైన్ ఫీజులు లాంటి పనులకు అది భద్రం కాదు.

గల్ఫ్ నుంచి తెప్పిస్తే?

మన ఇళ్లలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది. 18 ఏళ్లు దాటిన ప్రయాణికులు ఒక ల్యాప్‌టాప్‌ను కస్టమ్స్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. దుబాయ్‌లో వ్యాట్ 5 శాతం. సౌదీలో 2020 జూలై నుంచి 15 శాతం. మన దగ్గర ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం. అంటే దుబాయ్‌లో పన్ను తేడా బాగానే ఉంది, సౌదీలో అంతగా లేదు.

అయితే పన్ను ఒక్కటే చూడకూడదు. వారంటీ ఇండియాలో చెల్లుతుందా లేదా అన్నది కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి మారుతుంది. బిల్లు తేదీ నుంచే వారంటీ మొదలవుతుంది. మామూ మార్చిలో కొని, ఆగస్టులో సెలవుకు వచ్చినప్పుడు తెస్తే ఐదు నెలల వారంటీ సూట్‌కేసులోనే అయిపోయినట్టు. ఆయన సెలవు వాయిదా పడితే ఇంకో నిరీక్షణ.

ఆగడానికీ ఒక ఖర్చుంది

60 వేల ల్యాప్‌టాప్‌ను నాలుగేళ్లు వాడతారనుకుందాం. 48 నెలలకు పంచితే నెలకు రూ. 1,250. అంటే నెలకు కనీసం అంత ఉపయోగం ఉంటుందనే కదా ఆ ధర పెడుతున్నాం. చదువుకు ఇప్పుడే కావాల్సి ఉండీ నాలుగు నెలలు ఆగితే, దాదాపు రూ. 5,000 విలువైన వాడకం పోయినట్టు. ఆగినందుకు తగ్గే ధర మూడు వేలే అయితే నష్టపోయినట్టే లెక్క. పోయిన ల్యాబ్ క్లాసులకు, రాయలేకపోయిన ప్రాజెక్టుకు ఈ లెక్కలో చోటే లేదు.

అదే ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ ఇంకా బాగానే పనిచేస్తుంటే ఈ లెక్క తిరగబడుతుంది. అప్పుడు ఆగడానికి అయ్యే ఖర్చు దాదాపు సున్నా. ఓపిక పడితే లాభమే.

వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలకు ఇంకో చిక్కుంది. డబ్బు పూర్తిగా పోగయ్యేదాకా ఆగక తప్పదు. షాపువాళ్లు 'నో కాస్ట్ ఈఎంఐ' అంటారు. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని, వడ్డీని వేరే రూపంలో వసూలు చేస్తుంటారని రిజర్వ్ బ్యాంక్ 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. నగదు ధర ఎంత, కిస్తీల ధర ఎంత, ప్రాసెసింగ్ ఫీజు ఎంత, బిల్లులో వడ్డీ గడి ఉందా అని అడిగి చూస్తే తేడా బయటపడుతుంది. అది తమకు సమ్మతమా కాదా అన్నది తెలిసిన ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవచ్చు. బడ్జెట్ తగ్గించుకుని, నగదుతో ఒక మెట్టు కింది మోడల్ తీసుకోవడం కూడా ఒక దారి.

ఎలా తేల్చుకోవాలి?

ఎవరైనా 'ఆగండి' అన్నప్పుడు ఈ ప్రశ్నలు వేసుకుంటే చాలు:

— కంప్యూటర్ ఎప్పటికి కావాలి? నెలలోపు అవసరమైతే ఊహాగానాలు వినడం మానేయండి. ఇప్పుడున్న వాటిలో మంచిది చూసుకోండి.

— తేదీని కంపెనీ చెప్పిందా, ఎవరో చెప్పారా? కంపెనీ స్వయంగా తేదీ ప్రకటించి, అది రెండు మూడు వారాల్లోనే ఉంటే ఆగడం మంచిదే. 'త్వరలో' అంటే తేదీ కాదు.

— మనం కొనాలనుకున్న మోడల్ వచ్చి ఎన్నాళ్లయింది? రెండు మూడు నెలలే అయితే ధైర్యంగా కొనొచ్చు. ఏడాదిన్నర దాటితే కొంచెం ఆలోచించాలి, లేదా అదే కారణం చెప్పి బేరమాడాలి.

— కొత్తది వస్తే మన పనిలో తేడా వస్తుందా? వర్డ్, ఎక్సెల్, ట్యాలీ, కోడింగ్ ప్రాక్టీసు, ఆన్‌లైన్ క్లాసులకు ఒక తరం పాత చిప్‌తో ఇబ్బంది ఉండదు. 8 జీబీకి బదులు 16 జీబీ ర్యామ్ తీసుకుంటే, కొత్త చిప్ కోసం ఆగినదానికంటే ఎక్కువ మేలు.

— కొన్నాక వారంలోనే కొత్తది వస్తే? రిటర్న్, ఎక్స్‌చేంజ్ ఎన్ని రోజులు ఉంటుందో కొనే ముందే షాపులో అడిగి బిల్లు మీద రాయించుకోండి.

కొన్న తర్వాత ఇంకో రెండు నెలలు ధరలు చూడకపోతే మనసుకు హాయి. ఎప్పుడు కొన్నా, ఆ తర్వాత ఇంకేదో కొత్తది వస్తూనే ఉంటుంది. మొదటి సంవత్సరం ల్యాబ్ మాత్రం కాలేజీ చెప్పిన తేదీకే మొదలవుతుంది. అమ్మాయి క్లాసులు సోమవారం నుంచి ఉంటే, ఈ ఆదివారం సీటీసీకి వెళ్లొచ్చు. మామూకు ఫొటో పంపి, ఆయన సెలవుకు వచ్చేటప్పుడు మంచి బ్యాగో, హెడ్‌ఫోనో తెమ్మని చెప్పండి. ఆయనా సంతోషిస్తారు.